గోడ పూడుకునేలోపు

మిక్సీ సంకలో పెట్టుకుని ఒకావిడ గేటు తీసుకుని లోపలికొస్తుంది. హాల్లో సరిగ్గా దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని పెద్దాయన కూర్చుని ఉంటాడు. పేపరు దించడు. "ఎవరు? ఏం పని? ఎంతసేపు?" అంటాడు. ఆవిడ మిక్సీ ఎత్తి చూపిస్తుంది. "కనిపిస్తూనే ఉందిలే, ఎవరి తాలూకు?" అంటాడు. రోజూ ఇదే తంతు. జన్మంతా చెక్‌పోస్టులో లారీలు ఆపి రిటైరైన మనిషి మరి. ఉద్యోగం పోయింది గానీ ఆ పిచ్చి పోలేదు.

ఆ కుర్చీ దాటితే వంటిల్లు, వంటిల్లు దాటితే వెనకగది. అక్కడ పెద్దాయన చెల్లెలు మిక్సీలు, ఫ్యాన్లు, డ్రిల్లు మిషన్లు, వాటి బ్యాటరీలు బాగుచేస్తుంది. వీధంతా ఆమెను స్పానరక్క అంటారు. పెళ్లి చేసుకోమంటే చేసుకోనంది, పని నేర్చుకోవద్దంటే నేర్చుకుంది. వాళ్ల నాన్న పోతూ పోతూ వెనకగది చిన్నదానిదని పదిమందిలో చెప్పి పోయాడు. మహానుభావుడు గది ఇచ్చాడు గానీ దానికి దారి ఇవ్వడం మర్చిపోయాడు.

గిరాకీలు పెరిగేకొద్దీ అన్నయ్యకు ప్రశ్నలు పెరిగాయి, ప్రశ్నలు పెరిగేకొద్దీ గిరాకీలు తగ్గారు. చివరికి ఓ రోజు భోజనాల దగ్గర తేల్చేశాడు. "వచ్చే నెల నుంచి నా హాల్లోంచి ఎవరూ నడవడానికి వీల్లేదు. ఇల్లా, బస్టాండా ఇది? మా స్నేహితుడి షాపులో కుర్చీ వేయిస్తాను, అక్కడ కూర్చుని బిల్లులు రాసుకో."

"బిల్లులు నేను రాయను."

"మరేం చేస్తావే?"

"వెనకగదికి సందువైపు గుమ్మం పెట్టుకుంటాను."

అన్నయ్య నవ్వాడు. "పెట్టుకో, చూద్దాం. గోడ ఊరుకుంటే కదా!"

ఆ నవ్వుకు కారణం ఉంది. ఆ వీధిలో గోడలకు దెబ్బ తగిలితే వాటంతటవే మానిపోతాయి, మోకాలు చెక్కుకుపోతే కొత్త చర్మం వచ్చినట్టు. మేకు పెరికిన చిల్లు స్నానం చేసి వచ్చేలోపు పూడిపోతుంది. కిటికీకని పొద్దున కోసిన కంత మధ్యాహ్నానికి అరచెయ్యంత మిగులుతుంది. ఎదురింటి తాతగారి కళ్లజోడు ఎన్నేళ్లుగానో వాళ్ల పడగ్గది గోడలో ఉంది. ఆయన అప్పుడప్పుడూ వెళ్లి ఆ గోడను నాలుగు తిట్టి వస్తుంటాడు. ప్రాణమున్నదాన్ని మాత్రం గోడ నలపదు. మెల్లగా ఒత్తుకుంటూ అవతలికి జరిపేస్తుంది, అంతే. అది లొంగేది ఒక్కదానికే. ద్వారబంధానికి నాలుగు పక్కలా లావుపాటి స్క్రూలు లోతుగా దిగితే అక్కడికక్కడ ఆగిపోతుంది, ఇక జన్మలో కదలదు. ఏ ఒక్క పక్క మిగిలినా అన్ని పక్కలా పెరుగుతూనే ఉంటుంది.

అందుకే ఆ వీధిలో గుమ్మం పెట్టడమంటే ఇంటిల్లిపాదీ చెయ్యి వేసే పని. ఒకరు కోస్తారు, ఇద్దరు బంధం పట్టుకుంటారు, ఒకరు బిగిస్తారు. ఇంటి పెద్ద ఊఁ అనకుండా ఎవరూ గోడ జోలికి పోరు. అన్నయ్య కూడా వీధిలో అందరికీ చెప్పి పెట్టాడు, మా చెల్లెలికి డ్రిల్లూ గిల్లూ అరువిచ్చారంటే మర్యాద దక్కదని.

స్పానరక్క ఊరుకునే రకమా? అన్నయ్య పెన్షనర్ల సంఘం మీటింగుకు వెళ్లే రోజు చూసుకుని తాపీమేస్త్రిని పిలిపించింది. ఆయన సందులోంచి దొంగలా వచ్చాడు. "కోసింది నేనని మాత్రం చెప్పకక్కా," అంటూనే గోడ కోశాడు. గది నిండా దుమ్ము లేచింది. ఇద్దరూ కలిసి ద్వారబంధం నిలబెట్టారు. చుట్టూ చిల్లులు పెట్టి, పూడిపోకుండా ప్రతి చిల్లులోనూ స్క్రూ దూర్చి సుత్తితో కొంచెం దించారు. ఇక ఆమె సొంత డ్రిల్లుతో బిగించడమే. ఎడమపక్కా పైనా బిగించేసరికి బ్యాటరీ మీద ఒక్క గీతే వెలుగుతోంది. ఆ గోడలు అంత మొండివి మరి. బంధం కొద్దిగా ఒరిగినట్టుందని మేస్త్రి తూకపుగుండు పట్టుకుని చూశాడు. ఆమె డ్రిల్లును కింద దుమ్ములో, బ్యాటరీ అడుగుకు వచ్చేలా నిలబెట్టి సాయానికి వెళ్లింది. వంటింట్లో వదిన దగ్గుతోంటే జాలేసి, దుమ్ము అణగాలని నాలుగు చెంబుల నీళ్లు కూడా చల్లింది.

బంధం నిటారుగా నిలబడ్డాక మేస్త్రి ఫోను మోగింది. పేరు చూసి ఆయన ముఖం పాలిపోయింది. "మీ అన్నయ్యేనక్కా! ఎవడో చెప్పేసినట్టున్నాడు." తాపీ, తూకపుగుండు సంచిలో వేసుకుని సందులోకి దూకాడు, మళ్లీ కనపడితే ఒట్టు.

పోతే పోయాడు, కోయాల్సింది కోసే పోయాడు. స్పానరక్క డ్రిల్లు తీసి కుడిపక్క స్క్రూ మీద ఆనించి నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"తాగేసింది పాడుగోడ," అనుకుంటూ బ్యాటరీ ఊడదీసి ఛార్జర్‌లో పెట్టింది. ఛార్జింగ్ ఎక్కుతుంటే ఎర్రలైటు కదలకుండా వెలగాలి. అది మాత్రం కన్ను కొట్టినట్టు టపటపా మినుకుతోంది. ఈ బ్యాటరీ నాకొద్దు అని ఛార్జర్ చెప్పే తీరు అది.

గోడ అప్పటికే పని మొదలుపెట్టింది. బంధం కుడిచెక్క అంచు మీదికి సున్నం రంగు పొర పాకుతోంది.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి తొంగి చూసింది. ఆమె ఎప్పుడూ అంతే, ఏ గదిలోకీ పూర్తిగా రాదు. "ఏమైందమ్మాయ్?"

"ఛార్జింగ్ ఎక్కట్లేదు వదినా."

"కరెంటు ఉందా అసలు?"

"అదే చూస్తున్నా." ఛార్జర్ పీకేసి అదే ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టింది. వెలిగింది. అంటే ప్లగ్గుది తప్పు కాదు. బల్ల కింద ఎవరో పారేసి వెళ్లిన అలాంటిదే ముసలి బ్యాటరీ ఒకటుంటే దాన్ని ఛార్జర్‌లో పెట్టింది. ఎర్రలైటు బుద్ధిగా నిలబడి వెలిగింది. అంటే ఛార్జర్‌దీ తప్పు కాదు. ఆ ముసలిదానితో పని జరుగుతుందా అంటే, ఎంత ఎక్కించినా ఒక్క స్క్రూ అయినా తిప్పకుండా చేతులెత్తేసే బాపతు. తప్పు తన బ్యాటరీలోనే ఉంది.

చెయ్యి వేసి చూసింది. వేడిగా ఉంది. వేడిగా ఉన్నదాన్ని ఛార్జర్ తీసుకోదు, అది కాలిపోకుండా చేసుకునే జాగ్రత్త.

"ఫ్రిజ్‌లో పెట్టనా?" అంది వదిన.

"వద్దొద్దు. లోపల చెమ్మ పడితే అసలుకే మోసం. ఫ్యాన్ కింద పెట్టు."

ఫ్యాన్ కింద చల్లబడేదాకా ఆమె కుడిపక్క పాకుతున్న పొరను ఉలితో చెక్కుతూ నిలబడింది. ఇటు చెక్కితే అటు పెరిగింది, అటు చెక్కితే ఇటు పెరిగింది. బ్యాటరీ చల్లబడింది. ఛార్జర్‌లో పెడితే మళ్లీ అదే మినుకు. పళ్లు పటపటా కొరికింది. స్పిరిట్ ముంచిన దూదితో పైన కనిపించే రేకులన్నీ తుడిచి ఆరబెట్టి పెట్టింది. ఊహూఁ.

"ఓసి నీ మొండితనం తగలెయ్య! నాకంటే మొండిగా ఉన్నావే!" అని బ్యాటరీని తిట్టి, మల్టీమీటర్ అందుకుంది. రెండు మొనలూ రేకులకు ఆనించింది. సున్నా. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. బలం అయిపోతే తక్కువ చూపించాలి గానీ సున్నా ఎందుకు చూపిస్తుంది? ఇందాక ఒక గీత వెలిగిందే. అయిపోవడం కాదిది, దారి తెగిపోవడం.

"వదినా, కాస్త ఇటొచ్చి లైటు పట్టుకుంటావా?"

వదిన ఒకసారి హాలు వైపు చూసింది. తర్వాత గడప దాటి లోపలికొచ్చింది.

స్పానరక్క బ్యాటరీ మూత విప్పింది. లోపల సెల్స్ వరసగా, గూట్లో గుడ్లలా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ జారి పక్కరేకుకు తగిలితే నిప్పురవ్వలే, అందుకని ఊపిరి బిగబట్టి ఒక్కో సెల్లూ మీటర్‌తో చూసింది. అన్నీ ఒక్క తీరుగా, కాస్త నీరసంగా, నిక్షేపంలా ఉన్నాయి. మరి తెగింది ఎక్కడ? సెల్స్ నుంచి బయటి రేకుకు వచ్చే పట్టీ దగ్గర వదిన లైటు దించింది.

"ఇక్కడేదో తెల్లగా ఉందమ్మాయ్."

ఉంది. పట్టీకీ రేకుకూ నడుమ, వేలిగోరంత మందాన, నున్నగా, చల్లగా. స్పానరక్క గోటితో గీసింది. రాలింది. చూస్తుండగానే ఆ గీత పూడుకుపోయింది.

గోడ! బ్యాటరీ లోపల గోడ మొలిచింది!

ఆమె నెత్తి మీద తనే ఒక్కటి మొట్టుకుంది. ఇంకెక్కడైనా అయితే దుమ్ము లేస్తే నీళ్లు చల్లుతారు. ఆ వీధిలో గోడదుమ్ము మీద నీళ్లు చల్లకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. పొడిగా ఉన్నంతసేపూ అది ఉత్త దుమ్ము, తడి తగిలిందా, గోడనైపోతానంటూ పక్కదాన్ని పట్టుకుంటుంది. కంగారులో నీళ్లు చల్లింది తనే, ఆ దుమ్ములో బ్యాటరీ నిలబెట్టిందీ తనే. అన్నయ్యను అనడానికి కూడా లేదు.

"నా బుద్ధి గడ్డి తిన్నది వదినా."

"తిట్టుకోవడం తర్వాత. ఇది పోయే మార్గం చెప్పు," అంది వదిన. ఆ గొంతు వదినదేనా అని స్పానరక్క ఒక్క క్షణం తలెత్తి చూసింది.

మార్గం కష్టమైందేం కాదు. పొడిబ్రష్షుతో పొర మొత్తం రాల్చింది, నోటితో ఊదకుండా, ఊపిరిలోనూ తడి ఉంటుంది కాబట్టి. గోడ మళ్లీ పట్టుకోకుండా పట్టీ చుట్టూ గ్రీజు పలచగా రాసింది. మూత బిగించింది. రెండు చేతులతో తీసుకెళ్లి ఛార్జర్‌లో పెట్టింది.

ఎర్రలైటు వెలిగింది. మినుకలేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వుతూనే స్పానరక్క వెనక్కి తిరిగి గోడకేసి చూసింది. బంధం కుడిచెక్క సగానికి సగం గోడలో మునిగిపోయింది. కింది గడప కనపడటం లేదు, పూర్తిగా దిగని స్క్రూల తలలను మాత్రం గోడ తనతోపాటే బయటికి తోసుకొస్తోంది. గుమ్మమంత కంత మనిషి దూరేంత అయింది. బ్యాటరీకి కాస్తయినా బలం ఎక్కాలంటే ఇంకో గంట పడుతుంది. అంతవరకూ ఈ గోడ ఆగదు. అది పూడిందంటే మళ్లీ కోయడానికి ఏ మేస్త్రీ రాడు, అన్నయ్య ఇంకోసారి ఇల్లు కదలడు. వచ్చే నెల నుంచి బిల్లులు రాసుకుంటూ చావాల్సిందే.

"ఛీ, నేను చచ్చినా రాయను," అనుకుంది. వెళ్లి ఆ కంతలో నిలబడింది. గది వైపు ముఖం, సందు వైపు వీపు. కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మోచేతులు ఎంత బయటికి చాస్తే అంతా చాచింది. గోడ వచ్చి మోచేతులకు చల్లగా తగిలింది. అక్కడ కాసేపు తడుముకుంది. తర్వాత ఒత్తడం మొదలుపెట్టింది.

అన్నయ్య ఆయాసపడుతూ అప్పుడే వచ్చాడు. "దిగవే అక్కణ్ణుంచి!"

"దిగను."

"అది నిన్ను సందులోకి తోసేస్తుంది."

"తోయమను. నా సంగతీ దానికి తెలియాలిగా."

"ఇంటికి రెండు గుమ్మాలైతే ఇల్లు రెండవుతుందే పిచ్చిదానా! నలుగురూ ఏమనుకుంటారు? చెల్లెల్ని సందులోకి నెట్టాడంటారు నన్ను." ఆయన గొంతులో కోపమే కాదు, నిజమైన బాధ కూడా ఉంది. అది ఆమెకు వినపడకపోలేదు.

"నువ్వు నెట్టలేదు, నేనే నడిచానని చెప్పు అన్నయ్యా. నిజమేగా."

"నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

"నాన్న నాకు గది ఇచ్చాడు. గాల్లో ఎగిరొచ్చి కూర్చోమని ఇచ్చాడా?"

ఆయన చుట్టూ చూశాడు. ఛార్జర్ మీద ఎర్రలైటు కంటపడింది. "ఓహో, ఇదా సంగతి!" అని గబగబా హాల్లోకి వెళ్లాడు, మెయిన్ ఆపేయడానికి.

స్విచ్‌బోర్డు ముందు వదిన నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఏమో.

"తప్పుకో."

"అది ఛార్జింగ్ ఎక్కుతోందండీ."

"తప్పుకోమన్నానా! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుసండీ. పెళ్లయిన నాటినుంచీ తెలుసు. అయినా తప్పుకోను." వదిన వీపు బోర్డుకు అంటుకుపోయి ఉంది. ఆవిణ్ణి లాగి అవతల పడేసే మనిషి కాదాయన, ఆ మాట చెప్పుకోవాలి. వెళ్లి తన కుర్చీలో కూలబడ్డాడు. "మీ ఇష్టం. బుద్ధి ఆ గోడే చెప్తుంది."

గోడ చెప్తూనే ఉంది. స్పానరక్క భుజాలు లాగేస్తున్నాయి, మోచేతుల దగ్గర చర్మం మండుతోంది. చెవుల పక్కన చల్లటి అంచు వచ్చి ఆగింది. మెడ తిప్పడానికి లేదు. గోడకు కోపమేం లేదు, దాని పని అది చేసుకుపోతోంది, అదే ఆమెకు ఇంకా మంట. మడమలు ఒక్కసారి సందువైపు జరిగాయి. భయమేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"ఇది నీ తాత కట్టించిన గది కాదు! మా నాన్న నాకిచ్చింది!" అని గోడ మీద అరిచి, జరిగిన మడమలు మళ్లీ ముందుకు తెచ్చుకుంది. సందులో పోయేవాళ్లు ఆగి ఆమె వీపు చూసి, గుమ్మం పెట్టుకుంటోంది కాబోలు అనుకుని వెళ్లిపోయారు.

వదిన హాల్లోంచి తిరిగొచ్చి ఛార్జర్ పక్కన నిలబడింది. "వదినా, లైటెలా ఉంది?"

"ఎర్రగానే ఉంది. పచ్చ రాలేదు."

"మినుకుతోందా?"

"లేదు. నిలబడే ఉంది."

"బలం ఎన్ని గీతలు చూపిస్తోంది?"

"ఒకటి. కాదు, రెండో గీత ఇప్పుడే వచ్చింది."

"చాలు. నిండేదాకా ఆగితే నేను సందులో ఉంటాను. డ్రిల్లుకు పెట్టి తీసుకురా."

వదిన తెచ్చి అందించబోయింది.

"నా చేతులు ఖాళీగా లేవుగా! నువ్వే బిగించాలి."

"నేనా? నాకేం చాతనవుతుంది?"

"స్క్రూ తలలో మొన కూర్చోబెట్టు. ఒంటి బరువంతా దాని మీద వెయ్యి. ఆ తర్వాత నొక్కు. ముందు నొక్కావో జారిపోతుంది."

వదిన ముందే నొక్కింది. డ్రిల్లు గిర్రున ఎగిరి గోడను గీరింది. ఆ గీరు వెంటనే పూడిపోయింది. వదిన పెదవి కరుచుకుంది. ఈసారి మొన కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ ఎక్కడా వేయని బరువంతా దాని మీద వేసి నొక్కింది. స్క్రూ గిరగిరా తిరుగుతూ గోడలోకి దిగింది. వదిన నోట్లోంచి చిన్న కేక వచ్చింది, సంతోషంతోనే. కుడిపక్క స్క్రూలన్నీ దించింది. మోకాళ్ల మీద కూర్చుని, మరదలి కాళ్ల మధ్యనుంచి చెయ్యి పోనిచ్చి కింది స్క్రూలు వెతికి పట్టుకుంది. చివరిది దిగుతుండగా డ్రిల్లు మూలిగింది, వేగం తగ్గింది, అయినా ఆగలేదు. తల గోడకు సమంగా వచ్చి టక్కున నిలిచింది.

గోడ కూడా నిలిచిపోయింది.

స్పానరక్క ఒక్కో మోచెయ్యీ విడిపించుకుని గదిలోకి వచ్చి కింద కూర్చుండిపోయింది. వదిన పక్కన కూలబడింది. చప్పుడు విని వచ్చిన అన్నయ్య వాళ్లిద్దర్నీ చూడలేదు, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ద్వారబంధం ఎక్కడా కనపడటం లేదు. గోడలో నిలువెత్తు ఆడమనిషి ఆకారం ఉంది. కాళ్లు ఎడంగా, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, వెనక సందు వెలుతురంతా నింపుకుని.

"దీనికి ఏ వడ్రంగి తలుపు చేస్తాడే?" అన్నాడు చివరికి.

"చెయ్యకపోతే మానె. తెరిచే ఉంటుంది."

"సరే, పొద్దుపోయింది. అన్నం వడ్డించు," అని భార్యతో చెప్పి హాల్లోకి వెళ్లిపోయాడు.

వదిన లేచింది. చీకాకుగా చేతుల దుమ్ము దులుపుకుంది. వంటింటివైపు నాలుగడుగులు వేసి, అక్కడి తలుపు మూసి వెనకగది వైపునుంచి గడియ పెట్టింది. వెనక్కి వచ్చి, ఆ కొత్త గుమ్మంలోంచి సందులోకి దిగింది. దిగుతుంటే ఆమె చేతులు రెండూ వాటంతటవే నడుం మీదికి వెళ్లాయి. సందు ఆ చివరికీ ఈ చివరికీ తీరిగ్గా చూసింది. ఎక్కడికి, ఎంతసేపు అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. మళ్లీ లోపలికి వచ్చింది. చేతులు నడుం మీదినుంచి దిగలేదు.

"ఆ మీటర్ ఎలా పట్టుకోవాలో నాకు చూపించు," అంది.

స్పానరక్క ఇంకో స్టూలు లాగి వేసింది.

హాల్లోంచి ఒక పిలుపు వినపడింది. తర్వాత రెండు. ఆ తర్వాత తలుపు తట్టిన చప్పుడు. కాసేపటికి సందులో చెప్పుల చప్పుడు వచ్చి, గుమ్మం బయట ఆగింది. తట్టడానికి తలుపు లేదు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"లోపలికి రావచ్చా?"

వదిన తలెత్తలేదు. రెండు మొనలూ రెండు రేకులకు జాగ్రత్తగా ఆనించి, మీటర్‌లో అంకె నిలబడేదాకా చూసింది.

"కాసేపు ఆగండి. పనిలో ఉన్నాం."

అన్నయ్య ఆగాడు.